మాది బద్ధకం కాదు, ఆ హోరు మావల్ల కాదు

"జిమ్ మానేశావా? అంత బద్ధకమైతే ఎలా?" అని అడిగేవాళ్లకి ఒకసారి గట్టిగా చెప్పాలనిపించింది. సున్నిత స్వభావం ఉన్నవాళ్లకి, అంటే చప్పుళ్లూ వెలుతురూ స్పర్శా అందరికంటే ఎక్కువగా తాకే మాలాంటివాళ్లకి, ఒళ్లు వంచడం కష్టం కాదండీ. వంచమని తీసుకెళ్లే చోటే కష్టం.

చెవులు చిల్లులు పడే పాటలు, కళ్లలోకి కొట్టే లైట్లు, ఎటు తిరిగినా అద్దాలు, ఎవరో బరువులు దభీమని పడేసే చప్పుడు. వీటి మధ్య "ఇంకో పది, ఆపొద్దు" అని పక్కనే అరిచే ట్రైనర్. చాలామందికి అదే హుషారు. మాకు మొదటి బరువు ఎత్తేలోపే సగం ఓపిక అయిపోతుంది. యోగా క్లాసు ప్రశాంతమే కదా అంటారు. కళ్లు మూసుకుని ఉండగా చెప్పాపెట్టకుండా వెనక నుంచి వచ్చి భుజం నొక్కి సరిచేస్తే, ఇక క్లాసంతా మనసు ఆ భుజం దగ్గరే ఉంటుంది.

ఇదేదో గారాబం అనుకోకండి. సైకాలజిస్టులు ఎలైన్ ఆరన్, ఆర్థర్ ఆరన్ 1997లోనే ఈ స్వభావం మీద పరిశోధనాపత్రం ప్రచురించారు, దాన్ని కొలవడానికి 27 ప్రశ్నల పట్టిక కూడా ఇచ్చారు. ఇది జబ్బు కాదు.

బయటి హోరు సంగతి సరే, లోపలి సంగతి ఎవరూ మాట్లాడరు. పరుగెత్తితే గుండె దడదడలాడుతుంది, ఊపిరి ఎగపోస్తుంది, చెమటలు పడతాయి. టెన్షన్ వచ్చినప్పుడూ అచ్చం ఇవే. ఒంట్లో చిన్న మార్పు కూడా ఇట్టే తెలిసిపోయే మనిషికి, ఇది భయం కాదు, పరుగు వల్లే అని నమ్మడానికి కొంత టైమ్ పడుతుంది. వేగం మెల్లగా పెంచుకుంటూ పోతే నమ్మకం కుదురుతుంది. మొదటి రోజే ఉరికిస్తే రెండో రోజు రారు. అందులో తప్పెవరిది?

పైగా అంత ఉరకాల్సిన పనే లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చాలంది. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలుండాలన్న పాత షరతు కూడా తీసేసింది. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం వస్తే అది ఓ మోస్తరు శ్రమే. మెట్లెక్కినా లెక్కే, గది తలుపేసుకుని డ్యాన్స్ చేసినా లెక్కే.

ట్రైనర్లూ, రోజులో ఒక్క గంట పాటలు ఆపి చూడండి. ముట్టుకునే ముందు అడగండి. స్నేహితులూ, మేం ఒంటరిగా నడకకి బయల్దేరితే "ఆగు, నేనూ వస్తా" అనకండి. మీమీద ఇష్టం లేక కాదు. రోజంతా అందరి మాటలూ మోసిన బుర్రకి ఆ నడకలోనే కాస్త ఊపిరాడుతుంది.