కోత చిన్నదే గానీ...

వెన్ను కాలువ (వెన్నుపూసల లోపల నరాలు వెళ్లే దారి) ఇరుకైతే చేసే ఆపరేషన్ గురించి వచ్చిన వ్యాసంలో "చిన్న కోత, మర్నాడే ఇంటికి" అని రాసింది నిజమే. నడుం దగ్గర ఆ కాలువ ఇరుకైతే మా నాన్నగారికి ఇలాగే చేశారు, నడుం పూసల్లో నాలుగు, ఐదు (ఎల్4-ఎల్5) మధ్య. కండరాన్ని ఎముక నుంచి ఊడదీయకుండా, పోగుల మధ్య సందు చేసి గొట్టం దింపి, మైక్రోస్కోపులో చూస్తూ ఎముక అంచు కొంత, మందం కట్టిన లిగమెంటు (పూసల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ) తీసేశారు. ఒక పక్క నుంచే వెళ్లి రెండో పక్కా ఖాళీ చేయొచ్చట!

ఆపరేషన్‌కి ముందు నాలుగడుగులు వేస్తే చాలు, ఆయన పిక్కలు బరువెక్కేవి. ఏ గోడనో పట్టుకుని ముందుకి వంగితే తగ్గేది. సైకిల్ మాత్రం హాయిగా తొక్కేవారు. వంగితే కాలువ కాస్త తెరుచుకుంటుంది మరి. మేమేమో కాళ్లకి రక్తం సరిగా అందట్లేదనుకుని ఏడాది పోగొట్టుకున్నాం.

వ్యాసంలో రానిది ఒకటుంది. ఇది బాగా పనిచేసేది కాలి నొప్పికి, నడుం నొప్పికి అంతగా కాదు. నాన్నగారి నడక బాగుపడింది, పాదంలో తిమ్మిరి ఇంకా అలాగే ఉంది.

మొదట చూసిన డాక్టరు స్క్రూలు వేసి ఎముకలు అతికించాలన్నారు. మేం ఇంకొకరిని అడిగాం, మంచిపని చేశాం. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన స్వీడన్ అధ్యయనంలో, ఈ జబ్బున్న 247 మందిలో, కాలువ ఖాళీ చేయడంతో పాటు ఎముకలు అతికించడం వల్ల రెండేళ్ల తర్వాత అదనపు లాభమేమీ కనిపించలేదు. పూసలు నిలకడ లేకుండా కదులుతుంటే లెక్క వేరు.

అన్నట్టు, మూత్రం బిగిసినా, కూర్చునే చోట స్పర్శ పోయినా ఇంకో డాక్టరు గట్రా అని ఆగకండి. అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సిందే.