బీడీ చిన్నమ్మకు, కర్నూలు నుంచి

చిన్నమ్మా,

ఉత్తరం రాసేటప్పుడు మొదట 'ఉభయకుశలోపరి' అని పెట్టాలని బళ్లో నేర్పించారు. పెట్టబోయి ఆగాను. మన ఉభయుల్లో కుశలంగా ఉన్నది నువ్వొక్కదానివే.

నిన్ను చిన్నమ్మా అని ఎందుకు పిలుస్తున్నానో నీకు తెలియంది కాదు. ఇంటికి ఎవరొచ్చినా మాయమ్మ చెప్పే మాట ఒకటే. "నాకు సవతి ఉందమ్మా. నడుముకు ఎర్రదారం కట్టుకుంటుంది. ఆయన జేబులోనే కాపురం." ఆ మాటకు నాయన నవ్వేవాడు. నవ్వితే దగ్గొచ్చేది. దగ్గు ఆగడానికని ఇంకోటి ముట్టించేవాడు. పెద్దింటామెకు ఉగాదికో చీర, నీకు మాత్రం రోజుకు రెండు కట్టలు. మా ముగ్గురు పిల్లల పుస్తకాల డబ్బులు బాకీ పడిన నెలలున్నాయి గానీ నీ భత్యం ఒక్కరోజు తప్పలేదు.

నాయన బేతంచెర్ల బండల గనిలో కూలి. అప్పుడది కర్నూలు జిల్లానే. 2022లో నంద్యాల జిల్లాలోకి పోయింది. నీతో ఆయన పరిచయం అక్కడే మొదలైంది. కాలేజీలో చేరిన కొత్తలో, నాలుగు ముక్కలు చదివిన పొగరుతో, "ఎందుకు నాయనా ఈ దరిద్రం?" అని అడిగాను. ఆయనేం కోప్పడలేదు. "ఊరికే కూచుంటే మేస్త్రీ 'ఏందిరా, అత్తగారింటికొచ్చినావా' అంటాడు. బీడీ ముట్టిస్తే ఏమీ అనడు. అది ఆరేదాకా కూచోవచ్చు" అన్నాడు.

అప్పటిదాకా నువ్వొక చెడ్డ అలవాటువని అనుకున్నాను. కాదు, నువ్వు ఆ గనిలో విశ్రాంతికి ఉన్న ఒకే ఒక్క పేరువి. ఏ చట్టమూ ఇప్పించని ఐదు నిమిషాలు నువ్వు ఇప్పించావు. అందుకు నీకు సన్మానం చేయాల్సిందే. శాలువా మాత్రం నాయన ఎక్స్‌రేతో కుట్టించాలి.

ఆ ఎక్స్‌రే తీసిన రోజు గుర్తుందా? నువ్వూ జేబులో ఉన్నావుగా. డాక్టరు "సిగరెట్లు తాగుతావా పెద్దాయనా?" అని అడిగాడు. మా నాయన నిజంగా నొచ్చుకున్నాడు. "సిగరెట్టా! అది పట్నపోళ్లు తాగేది సార్. మాది ఉత్త ఆకు, బీడీ" అన్నాడు. అదీ నీ తెలివి. తునికాకు చీర కట్టుకుని (మా వైపు తుమికి అంటాం, పండ్లు తియ్యగా ఉంటాయి) అడవిలో పుట్టిన అమాయకురాలిలా కనిపిస్తావు. డాక్టరు ఓపికగా చెప్పాడు. సిగరెట్టులో ఉండే పొగాకులో దాదాపు పావు వంతే నీలో ఉంటుందట. కానీ ఆ ఆకులోంచి గాలి చొరబడదు, మాటిమాటికీ గట్టిగా లాగకపోతే ఆరిపోతావు. అలా లాగీ లాగీ తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టు కంటే ఎక్కువే లోపలికి పోతాయట. నిమిషం పలకరించకపోతే అలిగే గుణం నీకు మొదటినుంచీ ఉంది చిన్నమ్మా. అప్పటికే రాతిపొడి మేసిన ఊపిరితిత్తుల్లో నీ అలుకలు తీర్చడానికి ఆయన దగ్గర ఇక ఊపిరి మిగల్లేదు.

నీ పుట్టింటి సంగతులు కూడా కాస్త తెలుసుకున్నాను. చిన్నమ్మ పుట్టిల్లు తెలియకపోతే ఎట్లా? మీవాళ్లు అమెరికా ఖండంవాళ్లు. అక్కడి ఆదివాసుల్లో చాలా తెగలకు పొగాకు పూజాద్రవ్యం. ప్రార్థనకు, మాట ఇచ్చిపుచ్చుకోవడానికి, చచ్చినవాళ్లను తలుచుకోవడానికి వాడేవాళ్లు. అగ్గిపెట్టె కొన్నంత మామూలుగా దాన్ని కాల్చేవాళ్లు కాదు. 1492లో కొలంబస్ ఓడలు వెళ్లాక కథ మారింది. 1560 ప్రాంతంలో జాన్ నికో అనే ఫ్రెంచి రాయబారి దాన్ని తన రాణికి మందని పంపించాడు. నికోటిన్ అనే పేరు ఆయన చలవే. ఆ తర్వాత పోర్చుగీసువాళ్ల వెంట మన దేశానికి కాపురానికొచ్చావు. మా కర్నూలును కూడా తర్వాత ఏలుకున్న బీజాపూర్ నుంచే అసద్ బేగ్ అనే ఆయన పొగాకును అక్బరు దర్బారుకు తీసుకుపోయాడు. అక్బరు నాలుగు దమ్ములు లాగాడు, హకీము వద్దన్నాడు, ఊరుకున్నాడు. చక్రవర్తికి మేస్త్రీ బాధ లేదు కదా.

పుట్టింటివాళ్లకు మీరు చేసిన మర్యాద చూశాకే నాకు నోట మాట రాలేదు. 1883లో అమెరికా ప్రభుత్వం అక్కడి ఆదివాసుల పూజలు, నృత్యాలను నేరాల జాబితాలో చేర్చింది. వాళ్ల మత స్వేచ్ఛకు చట్టం వచ్చింది 1978లో. నడిమధ్యలో దేవుడికి పెట్టే పొగ నేరం, దుకాణంలో కొనే పొగ వ్యాపారం. సిగరెట్టు డబ్బా మీద ఈకల కిరీటంతో వాళ్ల బొమ్మే వేసి వాళ్లకే అమ్మారు. ఇప్పుడు అమెరికాలోని వర్గాలన్నిటిలోకీ సిగరెట్లు తాగే పెద్దవాళ్ల శాతం వాళ్లలోనే ఎక్కువ. కూతురిని అత్తారింటికి పంపితే తిరిగొచ్చి పుట్టింటినే జప్తు చేసినట్టుంది.

ఆస్ట్రేలియాలో ఇంకా సులువైన పద్ధతి పట్టారు. అక్కడి ఆదివాసులతో పశువుల కొట్టాల్లో, పొలాల్లో చాకిరీ చేయించుకుని కూలి కింద పిండి, చక్కెర, టీ పొడి, పొగాకు ఇచ్చేవాళ్లు. ఇది చదివినప్పుడు నాకు ఆస్ట్రేలియా గుర్తుకు రాలేదు. ఆత్మకూరు గుర్తొచ్చింది.

ఆత్మకూరు అవతల నల్లమల అంచున ఒక ఊళ్లో నేను మూడేళ్లు పంతులుగా పనిచేశాను. చెంచు గూడెం నుంచి ఒక అవ్వ తేనె తెచ్చి దుకాణంలో ఇచ్చేది. దుకాణదారు డబ్బులు కొంత ఇచ్చేవాడు, మిగతాదానికి బీడీ కట్టలు, ఆకువక్క చేతిలో పెట్టేవాడు. "చిల్లర లేదవ్వా" అనేవాడు. మూడేళ్లలో ఒక్కసారి కూడా ఆయన దగ్గర చిల్లర ఉండటం నేను చూడలేదు. బీడీలు లేకపోవడమూ చూడలేదు. ఒకరోజు అవ్వకు నా పాఠం మొదలుపెట్టాను, ఆరోగ్యం, ఊపిరితిత్తులు, అదంతా. ఆమె కాసేపు విని, "తేనెకు పోయినప్పుడు ఈగల్ని తోలడానికి పొగ పెడతాం గదా సారూ. ఇది ఆకలికి పెట్టే పొగ" అంది. ఆ రోజు మధ్యాహ్నం బళ్లో నేను ఏం పాఠం చెప్పానో నాకు గుర్తులేదు.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో షెడ్యూల్డ్ తెగల మగవాళ్లలో దాదాపు సగం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. ఆడవాళ్లలో ఐదుగురికి ఒకరు. ఈ లెక్క చూసి "వాళ్ల అలవాట్లే అంత" అనే పెద్దమనుషులు కర్నూలులోనూ ఉన్నారు. అన్నది ఏసీ గదిలో, సిగరెట్టు వేళ్ల మధ్య పెట్టుకుని. అలవాటు చేసిన దుకాణానికి ఏ సర్వేలోనూ గడి లేదు.

అన్యాయం చెప్పకూడదు, కొన్నిచోట్ల నీ వంశానికి గట్టి దెబ్బలే తగిలాయి. ఆస్ట్రేలియాలో ఆదివాసుల సొంత ఆరోగ్య కేంద్రాలు, వాళ్ల మనుషులే వాళ్ల మాటల్లో పట్టుబట్టి పనిచేశారు. వాళ్లలో రోజూ పొగతాగేవాళ్లు 2018-19లో 37 శాతం ఉంటే 2022-23కి 29 శాతానికి దిగారు. న్యూజిలాండ్‌లో అక్కడి ఆదివాసులైన మావోరీలు దేశ సగటుకు రెండింతలు తాగుతున్నారని 2022లో ఒక చట్టం తెచ్చారు. 2009 జనవరి 1 నుంచి పుట్టినవాళ్లకు జీవితాంతం పొగాకు అమ్మకూడదని. దాన్ని 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రభుత్వం రద్దు చేసేసింది. పన్నుల కోతకు ఆ ఆదాయం పనికొస్తుందని ఆర్థిక మంత్రే చెప్పారు. ఇలాంటి బంధువులు ఉండగా నీకేం భయం?

ఇక్కడి బంధువుల గురించి చెప్పనా? 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ కూర్చుంది. సిగరెట్టుకు, గుట్కాకు 40 శాతం అంది. నీకు మాత్రం 28 నుంచి 18కి తగ్గించమంది. నీ ఆకుచీరకైతే 18 నుంచి 5. సిగరెట్టు తాగేవాడి ఊపిరితిత్తుల మీద సర్కారుకు ఎంత దిగులో చూడు. గనికూలి ఊపిరితిత్తులు చవగ్గా దొరుకుతాయి కాబోలు. బీడీలు చుట్టేవాళ్ల పొట్ట కొట్టలేం అంటారు. నిజమే, దేశంలో దాదాపు 50 లక్షల మంది, ఎక్కువగా ఆడవాళ్లు, నిన్ను చుట్టే బతుకుతున్నారు. ఒళ్లో చాట పెట్టుకుని, ఆ ధూళిలోనే పిల్లలకు పాలిస్తూ, వెయ్యి బీడీల లెక్కన కూలి. పన్ను తగ్గింది సరే, తగ్గినదాంట్లో ఆ చాట దాకా ఎంత చేరిందో నీకే తెలియాలి. ఏప్రిల్, మే ఎండల్లో అడవిలో యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టేవాళ్లలోనూ ఎక్కువమంది ఆదివాసులే. ఆకు కోసేదీ వాళ్లే, కాల్చేదీ వాళ్లే. నడుమ డబ్బు మాత్రం ఇంకెవరిదో.

చట్టాలంటావా, ఉన్నాయి. 2016 నుంచి ప్యాకెట్టు మీద 85 శాతం భయంకరమైన బొమ్మ ఉండాలి. నాయన ఆ కాగితాన్ని మొదటే చించి పొయ్యి అంటించడానికి మాయమ్మకు ఇచ్చేవాడు. విడిగా ఒక్కటి కొనేవాడికైతే బొమ్మ కూడా ఉండదు. బడికి 100 గజాల లోపు నిన్ను అమ్మకూడదన్నది 2003 చట్టం. మా బడి గేటు నుంచి కొట్టు దాకా నేనే నడిచి కొలిచాను, ఇరవై ఏడు అడుగులు. కొట్లో '18 ఏళ్ల లోపువారికి పొగాకు అమ్మబడదు' అని బోర్డు కూడా ఉంది. దాని కింద కూచుని అమ్ముతున్నవాడు మా ఏడో తరగతి పిల్లోడు.

"నమస్తే సార్" అన్నాడు. ఏం ఇమ్మంటారు అన్నట్టు చూశాడు.

నేను కొన్నాను చిన్నమ్మా. ఒక కట్ట. తిట్టుకోకు, తాగడానికి కాదు. మొన్న పెద్దల అమావాస్య. నాయన పోయి నాలుగేళ్లు. ఆయనకిష్టమైనవన్నీ ఆకులో పెట్టాలి కదా. సంగటి, చెనగవిత్తనాల చట్నీ, చియ్యకూర పెట్టి, మాయమ్మ నా వైపు చూసి "దాన్ని తెచ్చినావా?" అంది. పేరు కూడా పలకలేదు. కట్ట తీసి ఇచ్చాను. దారం తనే తెంపింది. ఒకటి దీపానికి అంటించి విస్తరి పక్కన పెట్టింది. లాగేవాళ్లు లేక అది మెల్లగా, తనంతట తనే కాలింది.

మిగతావి కూడా పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"ఒక్కటి చాలు. మిగిలినవి నీళ్లలో పారెయ్ నాయనా. కట్ట కనపడితే అయిపోయేదాకా లేచిపోడు."

ఇట్లు,
నీ సవతి కొడుకు