లైటు వేయకండి, గ్రాఫిక్స్ కార్డు కొనండి

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ తగిలించుకుని సిమ్యులేటర్‌లో విమానాలు నడిపేవారికి ఒక ఉత్తమ సంప్రదాయం ఉంది. కాక్‌పిట్ కాస్త జారితే చాలు, ముందు విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. అప్పటికీ తగ్గకపోతే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలి. మధ్యలో గదిలో లైటు వేసి చూద్దామనే చవకబారు ఆలోచన రాకూడదు. ఈమధ్య కొందరు ఈ ఆచారానికి గండి కొడుతున్నారు. వాళ్ల వాదన ఎంత ప్రమాదకరమో నలుగురికీ తెలియాలి.

ముందు రోగమేమిటో తేల్చుకోమంటారు. తల కదపకుండా ఆల్టిమీటర్ (ఎత్తు చూపే మీటరు) వైపే చూడాలట. అది తనంతట తానే పక్కకు జరిగినా, ఉన్నట్టుండి ముఖం మీదకు దూకినా ట్రాకింగ్, అంటే తల ఎక్కడుందో కనిపెట్టే పని, తప్పినట్టు. తల నిలిపినప్పుడు అంతా కుదురుగా ఉండి, తిప్పినప్పుడే రన్‌వే రెండుగా కనబడితే అది ఫ్రేముల (వరసగా వచ్చే బొమ్మల) కరువట. 90 హెర్ట్జ్, అంటే సెకనుకు 90 ఫ్రేములు చూపే, హెడ్‌సెట్‌కు ఒక్కో ఫ్రేము 11.1 మిల్లీసెకన్లలో అందాలి. అందకపోతే రీప్రొజెక్షన్ అనే హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్ ఆటను సెకనుకు 45 ఫ్రేములకు దించి, మిగతావి తానే ఊహించి అల్లుతుంది. ప్రొపెల్లర్ చుట్టూ దృశ్యం జెల్లీలా వణికేది అందుకే. సిమ్యులేటర్ మూసేసి హెడ్‌సెట్ హోమ్‌లో (మొదటి తెరలో) కూడా తల తిప్పి చూడమంటారు. అక్కడా ఊగితే సిమ్యులేటర్ నిర్దోషి. రెండు నిమిషాల్లో ఇంత తేలిపోతే ఆదివారం ఎలా గడవాలి?

ఇక లైటు సంగతి. క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్లలో కెమెరాలు గది మూలలు, తలుపు అంచులు, గోడ మీది బొమ్మలు గుర్తుపట్టి తల ఎక్కడుందో లెక్కగడతాయి. జైరో, యాక్సిలరోమీటర్ అనే కదలిక సెన్సర్లు ఆ లెక్కల మధ్య ఖాళీలు పూరిస్తాయి. కెమెరాలకు ఏమీ కనబడకపోతే తల తిరగడం తెలుస్తుంది గానీ ముందుకు వంగడం తెలియదు. పైలట్ సీటులోంచి రెక్క మీదకు జారుకుంటాడు. అయినా నైట్ ఫ్లయింగ్‌కు గది కూడా చీకటిగా ఉండాలన్నది మన నియమం. హెడ్‌సెట్ లోపలికి ఆ చీకటి ఎలాగూ రాదన్నది వేరే విషయం.

అన్నిటికన్నా పెద్ద అపచారం మానిటర్ ఆపేయమనడం. డెస్క్ ముందు కూర్చుంటే కెమెరాల చూపులో సగం మానిటరే. అందులో మీరు చూసేదే ఆడుతుంటుంది. మీరు ఎడమకు తిరిగితే అక్కడి కాక్‌పిట్ కుడికి పరుగెడుతుంది. కెమెరాలు దాన్నీ గదిలో భాగమనుకుని తప్పు లెక్క కడతాయి. ఒక్క స్విచ్ నొక్కితే పోతుందట. పైలట్ ఎంత బాగా దిగుతున్నాడో వెనక నిలబడి చూసేవాళ్ల గతి ఏమిటి?

కెమెరాలకు బదులు, గదిలో లేజర్ చల్లే బేస్ స్టేషన్లు వాడేవారికి లైటుతో పనిలేదు, వాళ్ల శత్రువు అద్దం. లేజర్ అద్దం మీద పడి తిరిగొస్తే సెన్సర్లు కంగారుపడతాయి. దుప్పటి కప్పాలి. స్టేషన్లను తలకన్నా ఎత్తులో, 2 మీటర్లు దాటించి, 30 నుంచి 45 డిగ్రీలు కిందకు వంచి గోడకే బిగించాలి. ఇంజన్ అదురు తెలియాలని సీటుకు బాస్ షేకర్ (అదురు పుట్టించే పరికరం) బిగించి, ఆ అదురు పాకే అలమరలోనే స్టేషన్ పెట్టడం మాత్రం నిజంగా మన ప్రతిభే.

సీటునే కదిలించే మోషన్ ప్లాట్‌ఫామ్ ఉంటే కథ వేరు: సీటు వాలినా తల వాలిందనే హెడ్‌సెట్ అనుకుంటుంది. సీటుకే ఒక ట్రాకర్ బిగించి, మోషన్ కాంపెన్సేషన్‌తో ఆ కదలికను తీసేయాలి. తల కదలిక పట్టే పాత పరికరం ట్రాక్‌ఐఆర్ ఇంకా నడుస్తుంటే ఆపేయాలి. హెడ్‌సెట్ యూఎస్‌బీ పోర్టుకు విండోస్ కరెంటు తగ్గించకుండా డివైస్ మేనేజర్‌లో కరెంటు ఆదా టిక్కు తీసేయాలి.

కార్డు కొనడమే న్యాయమైన సందర్భమూ ఒకటుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ కొన్ని హెడ్‌సెట్లను నడిపే తన మిక్స్‌డ్ రియాలిటీ సాఫ్ట్‌వేర్‌ను తీసేసింది. దాని మీద ఆధారపడ్డ రివర్బ్ జీ2 లాంటి హెడ్‌సెట్లు మూగబోయాయి. 2025లో స్టీమ్‌లో ఉచితంగా వచ్చిన ఓయాసిస్ డ్రైవర్ వాటికి ప్రాణం పోస్తుంది గానీ, దానికి ఎన్విడియా కార్డే కావాలి.

చివరగా, కాక్‌పిట్ ఊగకుండా, జారకుండా, ఊరికే పక్కకు ఉండిపోతే? నడిపే భంగిమలో కూర్చుని, నేరుగా చూస్తూ సెంటర్ చేయాలి. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో దానికి కీ నంప్యాడ్ 5. కళ్లకు కీబోర్డు కనబడదు కనుక దాన్ని స్టిక్ మీది బటన్‌కు కట్టుకోమంటారు. ఒక్క బటన్‌తో పోయేదాన్ని లోపమని ఒప్పుకోవడానికి మా ఆత్మగౌరవం అడ్డొస్తోంది.