గట్లు కొలిచారు సరే, పల్లం ఎవరు కొలుస్తారు?

భూముల రీసర్వే అని డ్రోన్లు ఎగరేశారు, రోవర్లు (శాటిలైట్ సిగ్నల్‌తో హద్దులు కొలిచే పరికరాలు) పట్టుకుని పొలాల్లో తిరిగారు. నా గట్టు ఎక్కడుందో సెంటీమీటర్లలో చెప్తున్నారు. సంతోషం, పక్కపొలం ఆయనతో తగాదా తీరుతుంది. కానీ మా నెల్లూరు వైపు పెన్నా నది పొంగితే నీళ్లు ముందు ఎవరింట్లోకి వస్తాయో చూపించే మ్యాప్ మాత్రం నేనడిగిన ఏ ఆఫీసులోనూ లేదు.

2021 నవంబర్ గుర్తుందిగా. సోమశిల డ్యామ్ నుంచి 5 లక్షల క్యూసెక్కులు దాటి వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. టీవీల్లో గంటగంటకీ క్యూసెక్కులే. అయ్యా, 5 లక్షలంటే మా వీధిలో మోకాలి లోతా, నడుం లోతా? పిల్లల్నీ గొడ్లనీ కట్ట మీదికి తోలాలా, మంచాలెక్కి కూర్చుంటే చాలా? ఆ ముక్క చెప్పాలంటే నేల ఎత్తుపల్లాలు తెలియాలి.

ఉన్న టోపోషీట్ (ఎత్తుపల్లాలు గీసిన సర్వే మ్యాప్) చూద్దామా? 1:50,000 స్కేలు. షీటు మీద ఒక సెంటీమీటరంటే నేల మీద అర కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు సాధారణంగా 20 మీటర్లకొకటి. నెల్లూరు దాటి సముద్రం వైపు వెళ్తే ఒక్క గీత తగిలితే గొప్ప. మన దగ్గరేమో మూరెడు తేడా చాలు, ఒకరి గడప తడవదు, ఎదురింట్లో వడ్ల బస్తాలు నానిపోతాయి.

శాటిలైట్ డేటా ఉందిగా అంటారు. ఉచితంగా దొరికేవాటిలో బాగా తెలిసింది 2000లో అమెరికా అంతరిక్ష షటిల్ నుంచి రాడార్‌తో తీసిన లెక్క. 30 మీటర్లకొక చుక్క, అందులోనూ మీటర్ల తేడాలు. పైగా ఆ రాడార్ చెట్ల గుబురును కూడా నేల ఎత్తులో కలిపేస్తుంది. ఇందుకూరుపేట వైపు సరుగుడు తోటలు అందులో దిబ్బల్లా లేస్తాయి. వరదొస్తే ఆ దిబ్బలెక్కమంటారేమో! ఆ తర్వాత వచ్చిన రొయ్యల గుంటల కట్టలు, ఇసుక తవ్విన గోతులు అందులో ఎలా ఉంటాయి? నీళ్లు ఇప్పుడు ఎటు మళ్లుతాయో తేల్చేవి అవే.

ఫోన్ యాప్‌తో కొలిచేద్దామనుకునే కుర్రాళ్లకు ఒక మాట. జీపీఎస్ నేరుగా ఇచ్చే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, లెక్క కోసం ఊహించుకున్న నున్నటి భూమి ఆకారం నుంచి. మన తీరంలో రెంటికీ పదుల మీటర్ల తేడా. సవరించని యాప్‌ను నమ్మితే ఒడ్డున నిలబడ్డా సముద్రం అడుగున ఉన్నట్టే చూపిస్తుంది.

2022 జాతీయ జియోస్పేషియల్ విధానంలో 2030 నాటికి మైదానాల ఎత్తులు 25 సెంటీమీటర్ల కచ్చితత్వంతో ఇస్తామని రాసుకున్నారు. అప్పటిదాకా ఆగడమెందుకు? ఒకదాని మీద ఒకటి పడేలా తీసిన డ్రోన్ ఫొటోల నుంచి ఎత్తులు కూడా లెక్కగట్టొచ్చు. తోటలున్న చోట లైడార్ (ఆకుల సందుల్లోంచి నేలను తాకే లేజర్ కొలత) వాడండి. 2021 నీటి మరకలు ఇంకా కనబడే గోడలుంటే, సున్నం కొట్టకముందే లెవెల్ (ఎత్తు కొలిచే సర్వే పరికరం) పెట్టి రాసుకోండి. ఇక వరద ఊళ్లోకి రాకుండా నది పక్కన వేసే పొర్లుకట్ట ఏ ఊరి దగ్గర ఎంత ఎత్తు ఉండాలో ఏ లెక్క చూసి తేలుస్తున్నారో, ఆ కాగితం టెండర్ పిలవకముందే పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి.