ఎడమకి తిరిగితే ఎర్ర లైటు లెక్కలోకి రాదా?

కొన్నాళ్ళుగా మా కోనసీమ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "ప్రతి వాహనదారుడూ తెలుసుకోవాల్సిన ఆరు హక్కులు, పోలీసులు మీకు చెప్పరు, అందరికీ పంపండి" అని మొదలవుతుంది. ఆ ఆరూ ఇవి. ఎడమకి తిరిగేవాళ్ళు ఎర్ర లైటుకి ఆగక్కర్లేదు. పసుపు లైటు అంటే త్వరగా దాటమని అర్థం. సైకిలుకీ, ఎలక్ట్రిక్ స్కూటరుకీ సిగ్నల్ వర్తించదు. రాత్రి పది దాటాక, లేదా పోలీసు లేనప్పుడు, సిగ్నల్ పాటించక్కర్లేదు. గ్రీన్ పడితే దారి మనదే, అడ్డమొచ్చినవాడిదే తప్పు. సిగ్నల్ దాటితే వంద రూపాయల ఫైను తప్ప ఏమీ చేయలేరు.

మా చుట్టాల గ్రూపులో దీన్ని పెట్టింది మా పెద్దమ్మ కొడుకు. ఫోన్ చేసి అడిగితే, "నాకూ ఎవరో పంపారు, నలుగురికీ పనికొస్తుందని పెట్టాను" అన్నాడు. అన్నయ్య మనసులో చెడేమీ లేదు. పంపినవాళ్ళలో చాలామంది అలాంటివాళ్ళేనని నా నమ్మకం. కానీ నేను రావులపాలెం చుట్టుపక్కల పదిహేనేళ్ళుగా కారు నేర్పుతున్నాను. మెసేజ్ వచ్చిన మూడో రోజే దాని ఫలితం నా కళ్ళతో చూశాను.

ఆ రోజు నా దగ్గర నేర్చుకుంటున్న ఒక అమ్మాయిని ప్రాక్టీసుకి రాజమండ్రి తీసుకెళ్ళాను. ఒక సిగ్నల్ దగ్గర రెడ్ పడింది. ఆ అమ్మాయి స్పీడు కొంచెం తగ్గించింది గానీ ఆపలేదు, స్టీరింగు ఎడమకి తిప్పేసింది. నా వైపున్న బ్రేకు తొక్కాను. బంపరుకి మూరెడు దూరంలో ఒక పెద్దాయన, సైకిలు వెనక అరటిగెల కట్టుకుని, జీబ్రా చారల మీద నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. ఆయన మా వైపు చూడనైనా లేదు. ఎందుకు చూస్తాడు? మాకు రెడ్ పడిందని చూసుకునే అడుగు వేశాడు. "అదేంటమ్మా" అంటే, "ఎడమకి ఆగక్కర్లేదంట కదండీ, వాట్సాప్‌లో వచ్చింది" అంది. చేతులు వణుకుతున్నాయి పాపం. ఆ టెన్షన్‌లో ఇంక బండి నడపలేకపోయింది. తిరుగు ప్రయాణం నేనే నడిపాను.

అందుకని మొదట ఎడమ మలుపు సంగతే. 1988 మోటారు వాహనాల చట్టంలో 119వ సెక్షను ఉంది. విద్యుత్ సిగ్నల్ ఇచ్చే ప్రతి సూచననీ, ట్రాఫిక్ డ్యూటీలో ఉన్న పోలీసు ఇచ్చే ప్రతి ఆదేశాన్నీ డ్రైవరు పాటించాలని అది చెబుతుంది. ఎడమకి తిరిగేవాళ్ళకి అందులో మినహాయింపు ఏమీ లేదు. రెడ్ అంటే ఆపుగీత వెనక ఆగడం, ఎటు వెళ్ళేవాళ్ళయినా సరే. ఎడమకి ఆగకుండా వెళ్ళొచ్చని అక్కడ బోర్డు ఉండాలి, లేదా ఎడమ బాణం గ్రీన్‌లో వెలగాలి. కొన్ని పెద్ద కూడళ్ళలో మధ్యలో తిన్నె కట్టి ఎడమకి విడిగా ఒక పాయ వదులుతారు. ఇవేవీ లేనిచోట ఫ్రీ లెఫ్ట్ అన్న మాటే లేదు. ఉన్నచోట కూడా నడిచి దాటేవాళ్ళకీ, కుడి నుంచి వచ్చే బళ్ళకీ దారి ఇచ్చాకే తిరగాలి. మనకి రెడ్ పడిందంటే అడ్డరోడ్డు వాళ్ళకి గ్రీన్ పడిందని. వాళ్ళు నేరుగా వచ్చేది మనం దూరబోయే రోడ్డులోకే. మెసేజ్ రాసినవాళ్ళు ఈ సంగతి మర్చిపోయారు. సిగ్నల్ అంటే మనకీ పోలీసుకీ మధ్య వ్యవహారం అనుకున్నారు. అది మనకీ, అడ్డరోడ్డు మీద వచ్చే మనిషికీ మధ్య ఒప్పందం.

ఆగితే వెనకవాళ్ళు హారన్ మోగిస్తారని నా దగ్గర నేర్చుకునేవాళ్ళు ప్రతి ఒక్కరూ భయపడతారు. నిజమే, మోగిస్తారు. మోగనివ్వండి. హారన్‌కి లొంగి ముందుకెళ్ళి ఎవరినైనా గుద్దితే కేసు మీ మీదే అవుతుంది.

పసుపు లైటు గురించి కాస్త లెక్క చెప్పాలి, ఎందుకంటే దీన్ని తప్పుగా అర్థం చేసుకోనివాళ్ళు తక్కువ. పసుపు అంటే ఆగు అనే. అప్పటికే గీతకి బాగా దగ్గరికొచ్చి, క్షేమంగా ఆగలేని బండికి మాత్రమే దాటే వీలు ఇచ్చారు. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది. లైటు మారడం చూసి కాలు బ్రేకు మీదకి చేరేసరికి ఒక సెకను, అంటే 14 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా, జారకుండా బ్రేకు వేస్తే ఆగడానికి ఇంకో 20 మీటర్లు. మొత్తం 34. పసుపు మామూలుగా మూడు సెకన్లు ఉంటుంది. ఆ మూడు సెకన్లలో అదే వేగంతో 42 మీటర్లు పోవచ్చు. అంటే 34 మీటర్ల లోపున్నవాడు దాటగలడు, అవతలున్నవాడు ఆగగలడు. ఎవరికీ ఇబ్బంది లేదు.

అదే బండి 80లో ఉందనుకోండి. సెకనుకి 22 మీటర్లు. ఆగడానికి దాదాపు 71 మీటర్లు కావాలి, మూడు సెకన్లలో పోయేది 67 మీటర్లే. మధ్యలో నాలుగైదు మీటర్ల చోటు మిగులుతుంది. పసుపు పడేసరికి మీరు అక్కడుంటే ఆగనూ లేరు, రెడ్ పడకముందు దాటనూ లేరు. మీ ఇష్టంతో పనిలేకుండా సిగ్నల్ తప్పినవాళ్ళవుతారు. పసుపు చూసి ఎక్సలేటరు తొక్కడం అంటే తనంతట తాను ఆ చోట్లోకి వెళ్ళడమే. 16వ నంబరు జాతీయ రహదారి మీద అదే ఊపులో వచ్చి కూడలిలో దిగేవాళ్ళు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూసుకోవాలి. ఇదంతా పొడి రోడ్డు మీద, ఖాళీ కారు మాట. వానలో, అరిగిన టైర్లతో, నిండా కొబ్బరికాయలు ఎత్తిన లారీకి ఆగే దూరం ఇంకా ఎంతో పెరుగుతుంది. పసుపులో దూసుకుపోతున్న బైకు చివరి క్షణంలో మనసు మార్చుకుని బ్రేకు వేస్తే వెనకున్న ఆ లారీ ఆగగలదా?

సైకిళ్ళ గురించి రాసిన దాంట్లో సగం నిజం ఉంది. అది ఒప్పుకోవాలి. సైకిలు మోటారు వాహనం కాదు. 119వ సెక్షను మాట్లాడేది మోటారు వాహనం నడిపేవాళ్ళ గురించే. సైకిలుకి నంబరు ప్లేటు లేదు, చలానా ఇంటికి రాదు. కానీ అక్కడితో చట్టం అయిపోలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షను చూడండి. అంతకుముందు శిక్షా స్మృతిలో 279గా ఉన్నదే. బహిరంగ మార్గంలో ఏ వాహనాన్నయినా ప్రాణాలకి ముప్పు తెచ్చేంత నిర్లక్ష్యంగా నడిపితే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అక్కడ మోటారు అన్న మాట లేదు. రెడ్‌లో అడ్డంగా వెళ్ళి దెబ్బ తగిలించుకున్న సైకిలు మనిషి నష్టపరిహారం కోసం వెళితే, నీ తప్పు కూడా ఉందని ఆ మేరకు కోత పెట్టే అధికారం ట్రిబ్యునల్‌కి ఉంది.

చట్టం పక్కన పెట్టి, నాకు అసలు దిగులు ఎక్కడంటే, మన డెల్టా నేల చదును. గట్టు రోడ్ల మీద ఇప్పటికీ సైకిలు నడుస్తూనే ఉంది. పొద్దున్నే చేపల బుట్టతో ఒకరు, మోకు, కత్తి తగిలించుకుని కొబ్బరి దింపుకి వెళ్ళేవాళ్ళు, సైకిళ్ళ మీద జట్లు జట్లుగా ఆడపిల్లలు. ఊళ్ళో రోడ్లకి అలవాటుపడ్డ ఈ పిల్లలే రేపు కాలేజీకని కాకినాడో రాజమండ్రో వెళ్ళి పెద్ద కూడలిలో నిలబడతారు. వాళ్ళ ఫోన్లలోకి "నీకు సిగ్నల్ వర్తించదు" అన్న మాట వెళ్ళడం నేను భరించలేను. వాళ్ళకి చెప్పాల్సింది వేరు. రెడ్‌కి అందరితో పాటే ఆగాలి. ఆగిన లారీకి, బస్సుకి ఎడమ పక్కన సందు దొరికింది కదా అని దూరకూడదు. గ్రీన్ పడ్డాక ఆ లారీ ఎడమకి తిరిగితే, ఆ ఎత్తు సీట్లో కూర్చున్న డ్రైవరుకి తలుపు పక్కనున్న సైకిలు కనిపించదు. దాని వెనకే నిలబడండి. కుడికి తిరగాలంటే దిగి, నడిచేవాళ్ళతో కలిసి ముందు ఒక రోడ్డు, తర్వాత రెండో రోడ్డు దాటండి. నిమిషం ఆలస్యమవుతుంది, అంతే.

ఎలక్ట్రిక్ స్కూటరు విషయంలో మెసేజ్ ఇంకా తప్పు. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు ఉన్న చిన్న బండికే మినహాయింపు. మీ స్కూటరుకి నంబరు ప్లేటు ఉందంటే అది మోటారు వాహనమే, లైసెన్సూ కావాలి, సిగ్నలూ పాటించాలి.

రాత్రి పది దాటితే, పోలీసు లేకపోతే అన్న మాటకి మన రైతులే జవాబు చెప్పగలరు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరిలో నీళ్ళు తగ్గినప్పుడు కాలవలకి వంతులవారీగా నీళ్ళు వదులుతారు. కాలవ కాపలా చూసే లస్కరు గట్టు మీద లేడు కదా అని ఎగువవాళ్ళు వంతు తప్పించి తూము ఎత్తేస్తే ఏమవుతుందో కాలవ చివర శివారు పొలం చేసినవాళ్ళకి తెలుసు. సిగ్నల్ కూడా వంతే. పోలీసు లస్కరు లాంటివాడు. ఆయన ఇంటికెళ్ళినా వంతు ఉంటుంది.

రాత్రిపూట కొన్ని సిగ్నళ్ళని మిణుకుమిణుకు మనేలా మార్చేస్తారు. పుకారు అక్కడ పుట్టి ఉంటుంది. దానికీ అర్థం ఉంది. పసుపు ఆరి వెలుగుతుంటే వేగం తగ్గించి, చూసుకుని వెళ్ళాలి. ఎరుపు ఆరి వెలుగుతుంటే పూర్తిగా ఆగి, ఎవరూ రావడం లేదని చూసుకుని కదలాలి. రెడ్ నిలకడగా వెలుగుతుంటే అర్ధరాత్రయినా రెడ్డే. కరెంటు పోయి, తుఫాను రోజుల్లో మనకిది కొత్త కాదు, లైట్లే లేకపోతే పెద్ద రోడ్డు మీద వచ్చేవాళ్ళకి ముందు దారివ్వాలి. రెండూ ఒకలాంటి రోడ్లయితే కుడి నుంచి వచ్చేవాళ్ళకి దారివ్వాలి. పోలీసు నిలబడి చెయ్యి చూపిస్తుంటే లైటుతో పనిలేదు, ఆ చెయ్యి చెప్పిందే లెక్క. రాత్రులు ఖాళీగా ఉంటాయన్న భ్రమ కూడా ఈ జిల్లాల్లో పనికిరాదు. భీమవరం వైపు చెరువు పట్టుబడి అయ్యాక రొయ్యల్ని ఐసులో వేసుకుని ప్లాంటుకి పరిగెత్తే వ్యాన్లు ఏ వేళకి రోడ్డెక్కుతాయో చెప్పలేం. "ఎవరూ లేరు కదండీ, ఆయ్" అని నాతో అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. అడ్డరోడ్డు మలుపు చాటునున్న వ్యాను మీకు కనిపించదు. ఆ డ్రైవరుకి కనిపించేది తనకి పడిన గ్రీనే.

గ్రీన్ పడితే దారి మనదే అన్నదానికి రెండు ముక్కలు చాలు. అప్పటికే చారల మీద ఉన్న మనిషి దాటేదాకా ఆగాలి. అవతల బళ్ళు ఇరుక్కుపోయి ఖాళీ లేకపోతే గ్రీన్‌లో కూడా కూడలిలోకి దిగకూడదు. గడ్డి ట్రాక్టరు ఒకటి మధ్యలో ఇరుక్కుంటే నాలుగు రోడ్లూ ఎలా ఆగిపోతాయో సంక్రాంతి ముందు చూడనివాళ్ళు ఎవరున్నారు?

ఇక వంద రూపాయలు. ఇది ఒకప్పటి నిజం. 177వ సెక్షను కింద మొదటి తప్పుకి వంద, మళ్ళీ చేస్తే మూడు వందలు ఉండేది. 2019 సెప్టెంబరు 1న సవరణ చట్టం అమల్లోకి వచ్చింది. అప్పుడు ఎర్ర లైటు దాటడాన్ని ప్రమాదకర డ్రైవింగు కిందికి, 184వ సెక్షనులోకి, పేరుపెట్టి చేర్చారు. ఆ సెక్షను కింద మొదటి తప్పుకి ఆరు నెలలకి తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా వెయ్యికి తగ్గకుండా ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళలోపు మళ్ళీ చేస్తే రెండేళ్ళ వరకు జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. అక్కడికక్కడ కట్టించుకునే చలానా రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అది కట్టేస్తే అయిపోయిందనుకోకండి. సుప్రీంకోర్టు వేసిన రోడ్డు భద్రత కమిటీ 2015లోనే రాష్ట్రాలకి ఆదేశం ఇచ్చింది. ఎర్ర లైటు దాటినవాళ్ళ లైసెన్సుని కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని. నా దగ్గర నేర్చుకుని లైసెన్సు తీసుకున్నవాళ్ళలో సగంమంది ఆటో, వ్యాను నడుపుకునేవాళ్ళే. నెల తిరిగేసరికి బండి మీద ఫైనాన్సు వాయిదా కట్టాలి. మూడు నెలలు లైసెన్సు లేకపోతే ఆ వాయిదా ఎక్కణ్ణుంచి తెస్తారు?

అన్నయ్య తన మెసేజ్‌ని గ్రూపులోంచి తీసేశాడు. ఆ అమ్మాయి వారం తర్వాత మళ్ళీ క్లాసుకి వచ్చింది. అదే సిగ్నల్‌కి తీసుకెళ్ళాను. రెడ్ పడింది, గీత వెనక ఆపింది. వెనక ఎవరో హారన్ కొడుతూనే ఉన్నారు. గ్రీన్ పడేదాకా కదలలేదు.