కుక్క మాత్రలు మింగితే ఉప్పునీళ్లు విరుగుడు కావు

నెల్లూరు, కావలి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతూనే ఉంది. పెంపుడు కుక్క పొరపాటున ఇంట్లోని మాత్రలు మింగితే రెండు పెద్ద చెంచాల గళ్లుప్పు నీళ్లలో కలిపి తాగించి కక్కించాలనీ, ఆపైన పాలు పట్టాలనీ, సాయంత్రం దాకా హుషారుగా తిరిగితే గండం గడిచినట్టేననీ, మింగింది డోలో అయితే అసలు భయమే లేదనీ దాని సారాంశం. ఇందులో ఏ ఒక్కటీ నిలబడేది కాదు.

ఉప్పునీళ్లతో కొన్ని కుక్కలు కక్కే మాట నిజమే; ఆ నమ్మకానికి బలం అక్కడే వచ్చింది. అయితే కక్కకపోతే ఏమవుతుందో సందేశం చెప్పదు. రెండు పెద్ద చెంచాలంటే సుమారు 30 గ్రాములు. పది కిలోల కుక్కకు అది కిలోకు 3 గ్రాములవుతుంది. కిలోకు 2 గ్రాములు దాటితే చాలు విషలక్షణాలు కనిపించవచ్చు, 4 గ్రాములకు ప్రాణమే పోవచ్చు. రక్తంలో సోడియం పెరిగి మెదడు కణాల్లోని నీటిని లాగేయడంతో వణుకు, ఫిట్స్ వస్తాయి. ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల జిల్లాలో ఉప్పును మందనుకోవడం సహజమే కావచ్చు గాని, ఇక్కడ మాత్రం అది రెండో విషం. పైగా మత్తుగా ఉన్న కుక్కను కక్కిస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

పాలు మందును విరిచేయవు.

డోలో విషయంలో లెక్క చూడండి. ఒక్కో మాత్రలో 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. పది కిలోల కుక్క రెండు మింగితే కిలోకు 130 మిల్లీగ్రాములు, అంటే కాలేయానికి ముప్పు తెచ్చే మోతాదు. పిల్లులకైతే ఇందులో పదో వంతు కూడా ప్రమాదమే. కాలేయం దెబ్బతిన్న గుర్తులు ఒకటి నుంచి మూడు రోజుల తరువాత బయటపడవచ్చు కనుక సాయంత్రపు హుషారుకు విలువ లేదు. దీనికి ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు.

వైద్యుడు కక్కించడం కూడా సాధారణంగా మింగిన ఒకటి రెండు గంటల్లోపే పనికొస్తుంది. ఉదయగిరి వైపు నుంచి నెల్లూరు చేరేసరికే ఆ గడువు కరిగిపోతుంది కాబట్టి, బండి ఎక్కకముందే దగ్గరి పశువైద్యుడికి ఫోన్ చేసి మందు పేరు, షీటులో మిగిలిన మాత్రలు పోను ఎన్ని తగ్గాయో, కుక్క బరువు, మింగిన వేళ చెప్పాలి. ఆ షీటును పారేయకుండా వెంట తీసుకెళ్లాలి.