చెరువు గట్టున పడిన నాలుగు చెట్లు
వాతావరణ మార్పుపై కుదిరిన పారిస్ ఒప్పందం 13వ అధికరణ కింద దేశాలు రెండేళ్లకోసారి భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాల లెక్క చెప్పాలని, తొలి నివేదికకు 2024 డిసెంబరు 31 గడువుగా పెట్టారని మీ వ్యాసంలో రాశారు. వర్ధమాన దేశాలకు ఆ లెక్కలు నేర్పడానికి ప్రపంచ పర్యావరణ నిధి నడిపే సీబీఐటీ అనే కార్యక్రమం ఉందన్నారు (హైదరాబాదు కాలేజీ కాదు లెండి). సంతోషమే. కానీ ఆ డబ్బు సలహాదారుల విమాన టిక్కెట్లకే సరిపోకూడదు.

మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్లాక, కూలిన కొబ్బరి చెట్లు లెక్కపెట్టడానికి వచ్చిన కుర్రాడు మా తోటలో 11కి 7 రాసుకున్నాడు. మిగతా నాలుగూ చెరువు గట్టు దిగువన పడ్డాయి. అటు దిగలేదు, చెప్పులకు బురద అంటుతుందని కాబోలు! వరి మడుల నుంచి వెలువడే మీథేను (అదీ ఆ ఉద్గారాల్లోదే) లెక్కకు కావలసిన విస్తీర్ణం కూడా అలాంటి కుర్రాడే రాయాలి. ముందు అతనికి శిక్షణ ఇప్పించండి, ప్రాజెక్టు ముగిశాక ఇంటికి పంపకండి.